బాలామణి దిది శనివారాలు

నాలుగోసారి పిలిచినా బాలామణికి వినపడలేదు. పక్కన కూర్చున్న సస్మిత మోచేత్తో పొడిచాక గానీ ల్యాప్‌టాప్ వైపు తలెత్తలేదు. తెర నిండా చిన్న చిన్న గళ్లు, గడికో టీచరు ముఖం. లమ్తపుట్ బ్లాకులో, అంటే మండలంలో, ఉన్న టీచర్లు నలభై మంది. అందరూ తన జవాబు కోసమే కాచుకున్నట్టు కనపడ్డారు. పై గడిలో శిక్షకురాలు సుభశ్రీ మళ్లీ ఏదో అడిగింది. ఆమె పెదాలు చూసి మాట పోల్చుకుందామంటే నెట్ సరిగ్గా లేక బొమ్మ ఆగుతోంది, గెంతుతోంది. పెదాలొక చోట, మాటొక చోట. చివరి మాటలో సగం మాత్రం చెవిన పడింది. స్కూల్ అన్నట్టుంది.

“పదింటికి తెరుస్తామండీ. ముందు పది నిమిషాలు ప్రార్థన,” అని ఒడియాలో గబగబా చెప్పేసింది.

సుభశ్రీ అడిగింది స్కూల్ గురించి కాదు, భూల్ గురించి. ఒడియాలో తప్పుని భూల్ అంటారు. పిల్లలు లెక్క తప్పు చేస్తే మీరేం చేస్తారని ఆమె ప్రశ్న.

నలభై గళ్లలోనూ నోళ్లు ఒక్కసారే తెరుచుకున్నాయి. పళ్లు కనపడ్డాయి, భుజాలు అదిరాయి. సస్మిత దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరు దుర్గారావు ముఖం కందగడ్డలా అయింది. ఆయన బాలామణికి ఎదురుగా తిరిగి తెలుగులో అన్నాడు, “ఏటమ్మా బాలామణీ, నిద్దరోతున్నావేటి? బ్లాకు బ్లాకంతా సూస్తన్నాది.”

“నెట్ సరిగ్గా లేదు మాస్టారూ,” అంది బాలామణి.

అరచేతులు చీరకి తుడుచుకుంది. ఇంకా ఏడు శనివారాలు ఉన్నాయి.

లమ్తపుట్ నుంచి కొండ దారిలో ఎనిమిది కిలోమీటర్లు పోతే ఆ బడి వస్తుంది. మూడు గదులు, రేకుల వరండా, ముగ్గురు టీచర్లు. దుర్గారావుది పార్వతీపురం వైపు. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు, ఆ రెండేళ్లూ ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలని ఆయన కోరిక. సస్మిత ఒడియా పిల్ల, చేరి రెండేళ్లయింది. బాలామణి మూడు, నాలుగు తరగతులకి లెక్కలు చెబుతుంది. వయసు నలభై ఆరు. వారం రోజులూ లమ్తపుట్‌లో అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి కొరాపుట్‌లో ఉన్న భర్త సత్తిబాబు దగ్గరికి పోతుంది. కన్నపిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుకుంటున్నారు. బడి పిల్లలందరికీ ఆవిడ బాలామణి దిది, అంటే బాలామణి అక్క.

ఆన్‌లైన్ శిక్షణలు ఆవిడకి కొత్త కాదు. అంతకు ముందు ఫోన్లో వీడియో నడిచేది, కింద అక్షరాలు వచ్చేవి, ప్రశ్నకి నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కితే సర్టిఫికెట్ వచ్చేది. చదవడం వచ్చిన వాళ్లకి అందులో భయమేముంది? ఈ ఏడాది పద్ధతి మార్చారు. ఎనిమిది శనివారాలు ముఖాముఖీ. ఎవరి పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. నలుగురేసి చొప్పున తెర మీదే వేరే గదుల్లోకి పంపి చర్చించమంటారు. ప్రతి టీచరూ తన వంతు వచ్చిన శనివారం తన పిల్లలకి ఇరవై నిమిషాల పాఠం కెమెరా ముందు చెప్పాలి. ఆ ఇరవై నిమిషాల్లోనే మిగిలిన టైములో తక్కినవాళ్లు ప్రశ్నలడుగుతారు, అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఆ ఉత్తర్వు చదివిన రోజు బాలామణి అన్నం ముట్టలేదు.

ఆవిడకి చెవులు వినపడవు. పూర్తిగా కాదు. రెండో కాన్పు తర్వాత ఎడమ చెవి మందగించింది, నాలుగేళ్లకి కుడిది కూడా, అది జరిగీ తొమ్మిదేళ్లయింది. చిత్రమేమంటే, ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత తక్కువ వినపడేది. బస్సులో, సంతలో, పెళ్లి భోజనాల దగ్గర బాగానే వినపడేది, ఎందుకంటే అక్కడ మనుషులు గొంతు పెంచుతారు. తలుపులేసిన గదిలో, మీటింగులో, ఎవరైనా మెల్లగా మర్యాదగా మాట్లాడిన చోట ఏమీ తెలిసేది కాదు. ఇంట్లో ఇబ్బంది లేదు. సత్తిబాబు కొరాపుట్‌లో నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు. రోజంతా మోటార్ల హోరులో అరిచి అరిచి ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాడు. భార్యకి చెవి కాస్త మందమని అతనికి తెలుసు. ఎంత మందమో తెలియదు.

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం వాళ్లమ్మ అప్పమ్మ. అప్పమ్మ రాయగడలో ఒక కాంట్రాక్టరు కింద వీధులు ఊడ్చేది. నలభై ఏళ్లకే ఆవిడకీ చెవులు పోయాయి. ఒక తెల్లవారుజామున వెనక్కి వస్తున్న చెత్త ట్రాక్టరు శబ్దం వినపడక దాని కిందికి పోయింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. “సెవిటిదాన్ని రోడ్డు మీద పనికి ఎవడు ఎట్టుకోమన్నాడు?” అని ఆ కాంట్రాక్టరు పేరు కొట్టేశాడు. ఆ తర్వాత అప్పమ్మకి పేరే లేకుండా పోయింది. వీధిలో అందరికీ సెవిటిదే. ఇంటర్ చదువుతున్న బాలామణి ఆ మాట రోజూ వింది. పోయేదాకా తల్లి వాకిట్లో ఒక్కతే కూర్చుని ఎవరి పెదాలు కదిలినా తనని తిడుతున్నారనుకోవడం చూసింది. తన చెవులు మందగిస్తున్నాయని తెలిసిన రోజే గట్టిగా అనుకుంది, ఇది బయటికి పొక్కితే నా పేరూ అలాగే కొట్టేస్తారు.

దాచడం కోసం క్లాసు మొత్తాన్ని మార్చుకుంది. పిల్లలంతా కలిసి అరిచి జవాబు చెబితే ఎవరేమన్నారో తనకి తెలియదు, కాబట్టి ఆ పద్ధతి తీసేసింది. లెక్క ఇచ్చి బల్ల మీద కొడితే ఇరవై ఆరు పలకలూ ఒక్కసారి పైకి లేవాలి. తప్పు రాసినవాళ్లని పక్కకి పిలిచి, ఎలా చేశావో నోటితో కాదు చేతితో చూపించమనేది. పుల్లలు, చింతపిక్కలు, గీతలు. మాట్లాడాలనుకున్నవాళ్లు ఎదురుగా వచ్చి నిలబడాలి. పిల్లలకి అది ఒక ఆటలా ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు. పై తరగతులకి ఇంకో బడికి పోయాక ఆ పిల్లలు లెక్కల్లో ముందుండేవాళ్లన్న సంగతి దుర్గారావు గమనించాడు గానీ, కారణం వెతకలేదు.

రెండో శనివారం బాలామణి హెడ్మాస్టరు గదిలోకి పోలేదు. వరండా చివర సిగ్నలు బాగా అందుతుందని చెప్పి, తన ఫోను, ఇయర్‌ఫోన్లు పట్టుకుని అక్కడ కూర్చుంది. సౌండు మొత్తం పెంచింది. మొదటి పావుగంట బాగానే వినపడింది. ఊపిరి పీల్చుకుంది. అంతలో నలుగురిని కలిపి వేరే గదిలోకి తోసేశారు. సిగ్నలు పడిపోయింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఎవరో అడుగుతున్నారు, ఎవరో తన పేరు అంటున్నారు, తల ఊపింది. తల ఊపాల్సిన చోటు కాదని వాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది. ఎర్ర బటన్ నొక్కి బయటికి వచ్చేసింది.

మూడో శనివారం జ్వరమని సెలవు పెట్టింది. జ్వరం లేదు.

నాలుగో శనివారం ఆవిడ పేరు ఎవరూ పిలవలేదు. శిక్షణ అయ్యాక దుర్గారావు ఆవిడని గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకి తోశాడు. ఒక శిక్షణ మధ్యలో వదిలేశారు, ఒకటి హాజరు కాలేదు, సహోపాధ్యాయుల అభిప్రాయం ప్రకారం సహకరించడం లేదు, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి అని ఉంది అందులో.

“సహకరించనని ఎవరు రాసేరు మాస్టారూ?”

“సూడమ్మా, వచ్చే శనివారం కెమెరా ముందు పాఠం నీదే. సుభశ్రీ మేడమే నీ పేరెట్టింది. అది సక్కగా సెప్పేవా, ఈ కాయితం ఇక్కడే ఆగిపోద్ది. లేదంటే పైకి ఎల్లిపోద్ది. ఆ తరవాత నా సేతిలో లేదు.”

ఆదివారం కొరాపుట్‌లో కూర తరుగుతూ బాలామణి వేలు కోసుకుంది. సత్తిబాబు గుడ్డ పీలిక కడుతూ అడిగాడు, “ఏటయ్యింది నీకు? నిన్నటి నుంచి మనిషివి మనిషిలా లేవు.”

కాగితం సంగతి చెప్పింది. ఇంకో సంగతి కూడా, మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పింది. మీరు అరిస్తేనే నాకు మాట వినపడుతుందండీ, గొంతు తగ్గిస్తే లేదు.

అతను పీలిక ముడి బిగించాడు. తర్వాత అలవాటుగా గట్టిగానే అన్నాడు, “పద, రేపే పెద్దాస్పత్రికి పోదాం. సెవి డాక్టరున్నాడు.”

“వద్దండీ. డాక్టరు కాయితం మీద రాస్తాడు. కాయితం మీద పడ్డాక ఇంకేటుంది? అమ్మకి జరిగిందే నాకూ జరుగుద్ది.”

“మరి శనివారం ఏటి సేస్తావు?”

దానికి ఆవిడ దగ్గర ఒక ఉపాయం ఉంది. పాఠాన్ని సాగదీస్తుంది. ఇరవై నిమిషాలూ తనే నింపేస్తే ప్రశ్నలకి టైముండదు. బెల్లు కొట్టగానే పిల్లల్ని భోజనానికి లేపేస్తుంది. వారమంతా రాత్రీ పగలూ అదే లెక్క. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసివేత. ఏ నిమిషానికి ఏం చెయ్యాలో నోటు పుస్తకంలో రాసుకుంది, చింపేసింది, మళ్లీ రాసుకుంది.

శనివారం మబ్బు పట్టింది. సిగ్నలు కోసం క్లాసుని వరండాలోకి మార్చారు. నల్లబల్లని గోడకి ఆనించారు. ఫోను పట్టుకుని నిలబడమని దుర్గారావు సస్మితకి చెప్పాడు. అది బాలామణి అనుకోలేదు. ఫోను సస్మిత చేతిలో ఉంటే ప్రశ్నలు సస్మిత ముందు విని తనకి చెబుతుంది, తను తడబడితే అందరికంటే దగ్గరగా చూసేది ఆమే. హెడ్మాస్టరు తన గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి ఏడు నిమిషాలు అనుకున్నట్టే జరిగాయి. బల్ల మీద కొట్టింది, పలకలు లేచాయి. చాలామంది ఇరవై అయిదు రాశారు. ఏడుగురు ముప్పై అయిదు రాశారు. వాళ్లలో సోమారి అనే పిల్లని ముందుకి పిలిచింది. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చింది, తక్కిన ఆరుగురి ముందూ అవే పెట్టింది. అంతలో రేకుల మీద టపటపా చప్పుడు మొదలైంది. నిమిషంలో వాన విరుచుకుపడింది. కొరాపుట్ కొండల్లో ఆగస్టు వాన రేకుల కప్పు మీద పడితే పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు.

సస్మిత కంగారుగా ఫోను తెర ఆవిడ వైపు తిప్పింది. కింద చాట్‌లో సుభశ్రీ రాసిన అక్షరాలు ఉన్నాయి. “శబ్దం అస్సలు రావడం లేదు. బొమ్మ బాగుంది. ఆపకండి.”

బాలామణి ఒక్క క్షణం అక్కడే ఆగిపోయింది. వాన హోరులో పిల్లలందరూ గొంతు చించుకుని అరుస్తున్నారు. “దిదీ, ఏడు పుల్లలు ఎలా ఇస్తుంది? దాని దగ్గర రెండే ఉన్నాయి!” అని వెనక వరుసలోంచి ఎవరో దేశియాలో, ఆ కొండల్లో వాళ్ల ఇంటి భాషలో, కేక పెట్టారు. ఆ కేక ఆవిడకి స్పష్టంగా వినపడింది. ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

“అయితే ఏం చెయ్యాలి?” అని తనూ అరిచింది.

సోమారి చేతిలో పుల్లలు చూసుకుంది. కట్టల్ని చూసింది. ఒక కట్టకి ఉన్న రబ్బరు బ్యాండు మెల్లగా లాగేసింది. పది పుల్లలూ విడి పుల్లల్లో కలిశాయి. ఇప్పుడు పన్నెండు. ఏడు లెక్కపెట్టి తీసి పక్కన పెట్టింది. తర్వాత రెండు కట్టలు తీసేసింది. మిగిలినవి రెండు కట్టలు, అయిదు పుల్లలు. తన పలక మీది మూడుని ఉమ్మి తడితో చెరిపేసి రెండు వేసి, పలక పైకెత్తి కెమెరా వైపు తిప్పింది. ఆ పిల్లని ఎవరూ తిప్పమనలేదు.

తప్పు రాసిన తక్కిన ఆరుగురూ తమ కట్టలు విప్పడం మొదలుపెట్టారు.

పాఠం సాగదీయాలన్న సంగతి బాలామణి మర్చిపోయింది. పదిహేనో నిమిషానికే అయిపోయింది. వాన తగ్గలేదు. అసలు భయం అప్పుడు గుర్తొచ్చింది. ప్రశ్నలకి అయిదు నిమిషాలు మిగిలాయి.

ప్రశ్నలు వచ్చాయి. కానీ శబ్దం లేదు కాబట్టి అందరూ చాట్‌లోనే రాశారు. సస్మిత ఫోను ఎదురుగా పట్టుకుంది, బాలామణి చదివింది, చాక్‌పీసు తీసుకుని జవాబు నల్లబల్ల మీద రాసింది. తప్పు రాసిన పిల్లనే ఎందుకు పిలిచారు? “సరిగ్గా చేసినవాళ్లకి ఇప్పుడు నాతో పని లేదు.” వెనకబడ్డ పిల్ల సిగ్గుపడదా? “అందరి పలకలూ ఒక్కసారే లేస్తాయి. ఒక్కళ్లే నిలబడక్కర్లేదు.” ఒకదాని తర్వాత ఒకటి. తొమ్మిదేళ్లలో పెద్దవాళ్లతో ఇంత సాఫీగా మాట్లాడింది లేదు.

చివరగా సుభశ్రీ రాసింది. “మాకు ఒక్క మాట కూడా వినపడలేదు. అయినా పాఠం మొత్తం అర్థమైంది. ఇలా చెప్పడం మీరెక్కడ నేర్చుకున్నారు?”

బాలామణి బల్ల వైపు తిరిగింది. అనుభవం అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు, కాగితం సొరుగులో ఆగిపోయేది. చాక్‌పీసు బల్లకి ఆనించి అలాగే నిలబడింది. గుమ్మంలో దుర్గారావు ఉన్నాడు. వెనక సస్మిత ఉంది. పైన వాన ఇంకా కురుస్తూనే ఉంది. ఇది ఆగితే మళ్లీ అందరూ మెల్లగా మాట్లాడతారు, మళ్లీ తను తల ఊపాలి, ఇంకా మూడు శనివారాలు, తర్వాత ఇంకో శిక్షణ, రిటైరయ్యేదాకా ఇంతే. ఆ ఆలోచనకి ఆవిడకి ఒళ్లంతా నీరసం వచ్చింది.

ఒడియాలో పెద్ద అక్షరాలతో రాసింది. “నాకు చెవులు సరిగ్గా వినపడవు. అందుకని.”

నాలుగో తరగతి పిల్లలకి బల్ల మీద ఏం రాసినా కూడబలుక్కుని పైకి చదివే అలవాటు. ఇరవై ఆరుగురూ వాన మీదుగా అరుచుకుంటూ చదివారు. నా...కు... చె...వు...లు... ఆవిడ వెనక్కి తిరగకుండానే అంతా విన్నది. చదవడం అయిపోయాక సోమారి లేచి వచ్చి ఎదురుగా నిలబడి తల పైకెత్తింది. “నిజమేనా దిదీ?”

“నిజమే.”

“అందుకేనా ఎదురుగా రమ్మంటావు?”

“అందుకే.”

సోమారి తల ఊపి పోయి తన చోట కూర్చుంది. దానికి అంతే కావలసింది. గుమ్మంలో దుర్గారావు లేడు. గది తలుపు వేసి ఉంది.

పిల్లలు భోజనానికి లేచాక సస్మిత కదలకుండా అక్కడే నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. ఎదురుగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “నేను రెండేళ్ల నుంచి వెనక నుంచి పిలుస్తున్నాను దిదీ. మీరు ఒక్కసారి కూడా తిరగలేదు. కొత్తగా వచ్చినదాన్నని చులకన అనుకున్నాను. గదిలోకి పోయి ఏడ్చిన రోజులున్నాయి. సహకరించరని రాసింది నేనే.”

బాలామణికి కోపం రావాలి. రాలేదు. ఈ పిల్ల రెండేళ్లు ఏడ్చిందన్న మాట దగ్గరే ఆగిపోయింది. తను దాచింది తన చెవుల్నే అనుకుంది ఇన్నాళ్లూ, దాని దెబ్బ ఇంకొకరికి తగులుతోందని తోచలేదు.

“నువ్వు రాసింది తప్పు కాదులే అమ్మీ,” అంది తెలుగులోనే. సస్మితకి ఆ ముక్క అర్థమైనట్టే ఉంది.

సోమవారం దుర్గారావు పిలిపించాడు. ఆయన కోపం వేరే. “నలభై మంది ముందర సెప్పేసేవు. నాకు ముందు ఒక్క ముక్క సెప్పలేదు. ఇప్పుడు నాను పైకి రాయకపోతే రేపు నన్నడుగుతారు, నీకు తెలీదేటయ్యా అని. ఉన్నది ఉన్నట్టు రాసేను. మంచీ లేదు, సెడ్డా లేదు.” అడ్మిషన్ రిజిస్టరు ముందుకి తోసి అన్నాడు, “డాక్టరు సర్టిఫికెట్టు వచ్చేవరకూ మూడు, నాలుగు తరగతులు సస్మిత సూసుకుంటాది. నువ్వు రిజిస్టర్లు రాయి.”

ఆ మాట బాలామణికి తల్లి పేరు కొట్టేసిన రోజులాగే తగిలింది. ఇరవై మూడు రోజులు హెడ్మాస్టరు గదిలో కూర్చుని అడ్మిషన్ రిజిస్టరు నకలు రాసింది. కిటికీలోంచి పలకలు లేవడం కనపడేది. ఒక్కోసారి సస్మిత గుమ్మంలోకి వచ్చి ఎదురుగా నిలబడి, ఫలానా పిల్ల ఫలానా తప్పు చేస్తోంది, ఏం చెయ్యమంటారని అడిగేది. ఆ అయిదు నిమిషాల కోసం రోజంతా ఎదురుచూసేది.

సత్తిబాబు డ్యూటీ మార్చుకుని ఆవిడని కొరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. అంత నిశ్శబ్దంలో ఏది శబ్దమో, ఏది తన గుండె కొట్టుకోవడమో తెలియలేదు. వేలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. బయటికి వచ్చేసరికి జాకెట్టు తడిసిపోయింది.

డాక్టరు కుర్రాడు, ఓపికమంతుడు. కాగితం మీద చెవి బొమ్మ గీసి చూపించాడు. లోపల చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయిందని, నరం బాగానే ఉందని, ఆపరేషన్ చేస్తే చాలామందికి బాగవుతుందని, అంతవరకూ చెవికి మిషను పెట్టుకోవచ్చని చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగాడు.

“మా అమ్మకి,” అంది బాలామణి. “అమ్మది కూడా బాగయ్యేదా?”

“పరీక్ష చెయ్యకుండా చెప్పలేనమ్మా. కావచ్చు.”

ఆ కావచ్చు అన్న మాట పట్టుకుని ఆవిడ ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. సత్తిబాబు పక్కన కూర్చున్నాడు. మెల్లగా ఏదో అన్నాడు, గుర్తొచ్చి మళ్లీ గట్టిగా అన్నాడు. “ఏడువు. ఎవరు సూస్తే ఏటి.”

వినికిడి మిషనుతో బోధనకు ఏ అభ్యంతరమూ లేదని సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పైకి పంపాక ఇంకో పన్నెండు రోజులు జవాబు లేదు. ఆ పన్నెండు రోజులూ బాలామణి పగలు రిజిస్టరు రాస్తూ, రాత్రి మెలకువగా ఫోను చూస్తూ గడిపింది. చివరికి ఒకటిన్నర లైను ఉత్తరం వచ్చింది, యథాతథంగా కొనసాగవచ్చునని. దుర్గారావు దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు. “పోయి క్లాసు సూసుకో అమ్మా,” అన్నాడు. ఆయన గొంతులో తేలిక తెలిసింది. బహుశా ఆయనా ఆ పన్నెండు రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

ఈ రోజుల్లోనే వచ్చిన తక్కిన మూడు శనివారాల శిక్షణకి బాలామణి హెడ్మాస్టరు గదిలోనే కూర్చుంది. ప్రతి ప్రశ్నా నోటితో అడగడంతో పాటు చాట్‌లో రాయాలని సుభశ్రీ నియమం పెట్టింది. ఒక వారం అందరి పాఠాలూ శబ్దం తీసేసి చూపించి, ఏం అర్థమైందో రాయమంది. చాలామందికి చాలా తక్కువ అర్థమైంది. ఎనిమిదో శనివారం అదే శిక్షణలోని ఒక మారుమూల బడి టీచరు బాలామణికి విడిగా మెసేజ్ పెట్టాడు. తనకి కళ్లు మసకబారుతున్నాయని, ఎవరికీ చెప్పలేదని. ఆవిడ డాక్టరు పేరు, ఆసుపత్రిలో ఏ గదికి పోవాలో రాసి పంపింది. అతను పోయాడో లేదో తెలియదు.

ఆపరేషన్‌కి చలికాలంలో తేదీ ఇచ్చారు. చేయించుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. నూటికి ఒకరిద్దరికి ఉన్నది కూడా పోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు. సత్తిబాబు చేయించుకోమంటాడు, ఆవిడ చూద్దాం అంటుంది.

మిషను పెట్టుకుని మొదటిసారి నాలుగో తరగతిలోకి పోయిన రోజు బుధవారం. బెంచీ జరిగితే తలలో గీసినట్టుంది, పలక కింద పడితే ఉలిక్కిపడింది. లెక్క ఇచ్చి బల్ల వైపు తిరిగి రాస్తుంటే వెనక నుంచి గుసగుసలు వినపడ్డాయి. ఈ రోజు గుడ్డు పెడతారా పెట్టరా అని ఒకరు, పెడితే నీ సగం నాకిస్తావా అని ఇంకొకరు, పోయిన వారం ఇచ్చాను కదా అని మొదటి వాళ్లు. తొమ్మిదేళ్లుగా తన వీపు వెనక ఇదే జరుగుతోందని బాలామణికి అప్పుడు తెలిసింది. తను చెప్పే లెక్కలు ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకునేది.

రాయడం ఆపకుండానే దేశియాలో అంది, “గుడ్డు సంగతి మధ్యాహ్నం మాట్లాడుకుందురు గానీ, ముందు లెక్క చెయ్యండి.”

గుసగుసలు టక్కున ఆగిపోయాయి. ఎవరో చిన్నగా నవ్వారు.